కనిపించే పొగ, కనిపించని పొగ

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు మాట్లాడుకునేది డీజిల్ బండి గురించి. "బండి సంగతి మగవాళ్ళది గదా, మాకెందుకు?" అనుకోవద్దు. బండి కిస్తీ సంఘం పుస్తకంలో ఉంటుంది. మిరప కోతకూ, పత్తి తీతకూ ఆ బండి ఎక్కి పోయేది ఆడవాళ్ళే. అది వదిలే పొగ పీల్చేదీ వాళ్ళూ, వాళ్ళ పిల్లలే. అందుకే ఈ సంగతి తెలుసుకోవాలి.

ముందు ఒక ప్రశ్న. పొయ్యి మీద ఎండు మిరపకాయలు వేయిస్తారు. కాయ కొంచెం మాడుతుంది. ఇంట్లో అందరికీ దగ్గు వస్తుంది. పక్కింటివాళ్ళు కూడా తుమ్ముతారు. అక్కడ పొగ ఎంత కనిపించింది? పెద్దగా లేదు. కంటికి కనిపించని ఘాటే గొంతు పట్టుకుంది.

డీజిల్ బండి కూడా ఇంతే. దాని నుంచి రెండు రకాలు వస్తాయి. ఒకటి నల్ల పొగ. అది మసి. అందరికీ కనిపిస్తుంది. రెండోది కనిపించని విషవాయువు. రెండూ చెడ్డవే. డీజిల్ పొగ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది.

ఇంజనులో ఏం జరుగుతుంది?

డీజిల్ అనేది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీ ఇంజనీరు. ఆయన చేసిన ఇంజను 1897లో బాగా పని చేసి చూపించింది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించి మంట పెడతారు. డీజిల్ ఇంజనులో రవ్వ ఉండదు. గాలిని గట్టిగా అదుముతారు. అదిమితే గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం చూసే ఉంటారు. ఇంజనులో ఆ వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది.

గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజన్, 21 పాళ్ళు ఆక్సిజన్ ఉంటాయి. మామూలుగా ఈ రెండూ కలవవు. పక్కపక్క ఇళ్ళలో ఉండి కూడా మాట్లాడుకోని వాళ్ళలాగా ఉంటాయి. ఇంజనులో వేడి బాగా పెరిగితే మాత్రం కలుస్తాయి. అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు అనే విషవాయువులు పుడతాయి. కనిపించని పొగ అంటే ఇదే.

ఈ వాయువును తగ్గించడానికి ఇంజనుకు ఒక చిన్న మూత పెట్టారు. మెకానిక్కులు దాన్ని ఈజీఆర్ వాల్వు అంటారు. బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని ఇది మళ్ళీ ఇంజనులోకి పంపుతుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ. అది లోపలికి పోతే మంట వేడి తగ్గుతుంది. నిప్పుల మీద నివురు కప్పినట్టు అన్నమాట. నిప్పు ఆరదు, భగ్గున మండదు. వేడి తగ్గితే విషవాయువు కూడా తగ్గుతుంది.

పాత బండ్లలోనూ, చాలా ట్రాక్టర్లలోనూ ఈ వాల్వు ఉండదు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-4 నియమాలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నియమాలు వచ్చాయి. ఆ తర్వాత కొన్న చాలా డీజిల్ బండ్లలో ఇది ఉంటుంది.

వాల్వుకు మసి పడితే?

కుండకు మసి పట్టినట్టే ఈ వాల్వుకూ మసి పడుతుంది. దానికి ఇంజను ఆయిలు ఆవిరి తోడై జిడ్డుగా గట్టిపడుతుంది. అప్పుడు వాల్వు సరిగా మూసుకోదు. పొగ ఎక్కువగా లోపలికి పోతుంది. ఇంజనుకు మంచి గాలి చాలదు. బండి లాగదు. నల్ల పొగ కక్కుతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది.

ఒక ఇంటి సంగతి చూద్దాం. ఇలాంటి ఇళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. ఇంటాయన చిన్న డీజిల్ బండిలో మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు తోలుతాడు. ఇంటావిడ సంఘంలో అప్పు తీసి బండికి డబ్బు కట్టింది. సీజను ముదిరింది. సరిగ్గా అప్పుడే బండి లాగడం మానేసింది. ఇద్దరూ షెడ్డుకు పోయారు.

మెకానిక్ చూసి అన్నాడు: "అక్కా, ఈజీఆర్‌కు మసి పట్టింది. రేకు పెట్టి దారి మూసేస్తా. గంటలో అయిపోతుంది. ఇక ఈ బాధే ఉండదు."

ఇంటాయన తల ఊపాడు. ఇంటావిడ మాత్రం అడిగింది: "తమ్ముడూ, అక్కర్లేని దాన్ని కంపెనీవాళ్ళు ఎందుకు పెట్టారు?"

"గవర్నమెంటు రూలు కోసం అక్కా."

"మరి గవర్నమెంటు ఆ రూలు ఎందుకు పెట్టింది?"

మెకానిక్ మాట్లాడలేదు.

"శుభ్రం చేస్తే ఎంతసేపు పడుతుంది?"

"ఒక పూట పడుతుంది. మళ్ళీ మసి పట్టదని చెప్పలేను."

"మసి ఎందుకు పట్టిందో కూడా చూడు తమ్ముడూ."

"ఒక పూట బాడుగ పోతుంది గదే" అన్నాడు ఇంటాయన.

"పోతే పోయింది లేవయ్యా. కోతకు పోయే ఆడవాళ్ళను ఎక్కించుకునేదీ ఈ బండిలోనే గదా. మన పిల్లలూ ఎక్కుతారు."

మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. నల్లరేగడి దుమ్ము గడ్డకట్టి ఉంది. గాలి ఆడక మసి పెరిగిందని తేలింది. ఫిల్టర్ మార్చాడు. వాల్వు శుభ్రం చేశాడు. సాయంత్రానికి బండి కదిలింది. ఆ పూట బాడుగ పోయిన మాట నిజమే. అది ఆ ఇంటికి చిన్న నష్టం కాదు.

రేకు పెడితే ఏమవుతుంది?

మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. రేకు పెడితే బండి లాగుతుంది. నల్ల పొగ కూడా తగ్గుతుంది. అందుకే చాలామంది నమ్ముతారు. "చూడండి, పొగే లేదు" అంటారు. కానీ లోపల మంట వేడి పెరుగుతుంది. కనిపించని విషవాయువు ఎక్కువవుతుంది. కళ్ళు శుభ్రంగా ఉందంటాయి. ఊపిరితిత్తులకే నిజం తెలుస్తుంది.

ఆ వాయువు ఊపిరి గొట్టాలను మండిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం పెంచుతుంది. చిన్నపిల్లలకు దగ్గు, జలుబు తొందరగా పట్టుకుంటాయి. ఇంకొకటి ఉంది. ఈ వాయువు మీద ఎండ పడితే ఓజోన్ అనే మరో వాయువు పుడుతుంది. నేల దగ్గర ఓజోన్ పెరిగితే పత్తి లాంటి పైర్ల దిగుబడి తగ్గుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఒక్క బండితో చేను పాడవదు. వేల బండ్లు ఇలా చేస్తే గాలి పాడవుతుంది.

బండికీ చిక్కే. కొత్త బండ్లలో కంప్యూటర్ ఉంటుంది. వాల్వు పని చేయకపోతే అది పసిగడుతుంది. డ్రైవరు ముందు దీపం వెలుగుతుంది. కొన్ని బండ్లలో ఇంజను బలం తగ్గించేస్తుంది.

చట్టం కూడా ఉంది. అది 1988 మోటారు వాహనాల చట్టం. 2019లో దాన్ని సవరించారు. గాలి కాలుష్యం నియమాలకు విరుద్ధంగా బండి నడిపినా, నడపనిచ్చినా శిక్ష ఉంది. మొదటి తప్పుకు మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది గదా" అని కొందరు అంటారు. డీజిల్ బండికి ఆ పరీక్షలో పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. కనిపించని వాయువు అందులో దొరకదు.

ఈ కనిపించని పొగ దగ్గర పెద్ద పెద్దవాళ్ళే మోసం చేశారు. ఫోక్స్‌వ్యాగన్ అని జర్మనీలో పెద్ద కార్ల కంపెనీ ఉంది. తన డీజిల్ కార్లలో ఒక కిటుకు పెట్టింది. పరీక్ష చేసేటప్పుడు విషవాయువు తక్కువగా వచ్చేది. రోడ్డెక్కితే చాలా ఎక్కువగా వచ్చేది. 2015 సెప్టెంబరులో అమెరికాలో ఈ మోసం బయటపడింది. ప్రపంచంలో అలాంటి బండ్లు సుమారు 1 కోటి 10 లక్షలు. మన దేశంలో కూడా 3 లక్షల 23 వేలకు పైగా బండ్లను వెనక్కి పిలిచి సరిచేస్తామని ఆ కంపెనీ 2015 డిసెంబరులో చెప్పింది. కంటికి కనిపించనిది కొలిచి చూసినవాళ్ళ వల్లే అది బయటపడింది.

శుభ్రం చేయించేటప్పుడు ఇవి చూడండి

ఇది మెకానిక్ పని. అయినా దగ్గరుండి చూడవచ్చు, అడగవచ్చు.

1. ఇంజను బాగా చల్లారాలి. బ్యాటరీ వైరు తీశాకే వాల్వు విప్పాలి.

2. శుభ్రం చేసే స్ప్రే పెట్రోలులాగా అంటుకుంటుంది. దగ్గరలో పొయ్యి, బీడీ ఉండకూడదు. ఆరుబయట చేయాలి.

3. మెత్తని బ్రష్షుతో రుద్దాలి. కత్తితో గీకితే వాల్వు చెడిపోతుంది. కరెంటు భాగానికి స్ప్రే తగలకూడదు.

4. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. మసి గుడ్డలు పిల్లలకు అందకూడదు. కాలవలో కడగకూడదు.

5. బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వేయించాలి.

6. మసి ఎందుకు పట్టిందో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము, కల్తీ డీజిల్, ఇంజను ఆపకుండా గంటల తరబడి నిలబెట్టడం, ఇవన్నీ కారణాలే. యార్డు దగ్గర వరసలో ఆగినప్పుడు ఇంజను ఆపితే డీజిల్ మిగులుతుంది. పక్కన తొడిమెలు తీసే ఆడవాళ్ళకు పొగ తగ్గుతుంది.

శుభ్రం చేసినా వాల్వు కదలకపోతే కొత్తది వేయించాలి. దానికి వేలల్లో అవుతుంది. అందుకే ఫిల్టర్ దగ్గరే జాగ్రత్త పడటం మేలు.

అక్కలారా! ఎవరైనా "ఇది తీసేస్తే పీడ పోతుంది" అంటే వెంటనే సరే అనవద్దు. "అది అక్కడ ఎందుకుంది?" అని అడగండి. అడగడానికి చదువు ఎక్కువ అక్కర్లేదు.

చర్చించండి

మీ ఊళ్ళో డీజిల్ బండ్లు ఎన్ని ఉన్నాయి? పుస్తకంలో రాయండి.

కూలికి పోయేటప్పుడు బండిలో పొగ ఎటు వస్తుంది? ఎవరికి తగులుతుంది?

రేకు పెట్టిన బండి మీ ఊళ్ళో ఉంటే బండివాళ్ళకు ఏమని చెబుతారు?