సాగు కోసం సర్కారు భూమి తీసుకోదా?



భూసేకరణ అనగానే మనకి గుర్తొచ్చేది డ్యామో, గనో, రోడ్డో. మన పొలం పోవడమే. కానీ సాగు కోసం, తిండి గింజల కోసం కూడా సర్కారు ప్రైవేటు భూమి తీసుకునే దారి ఒకటుంది. అది మన 1/70 చట్టంలోనే ఉంది.

ఏజెన్సీలో భూమి ఎవరు అమ్ముకోవాలన్నా గిరిజనులకే అమ్మాలి. కొనే గిరిజనుడు దొరక్కపోతే అమ్మేవాడు ఏజెంటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్కారు పరిహారం చెల్లించి ఆ భూమి తీసుకోవచ్చు. తీసుకున్నాక గిరిజనులకో, అందరూ గిరిజనులే ఉన్న సంఘానికో ఇవ్వాలి. సర్కారు భూమినైనా గిరిజనేతరులకి లీజుకివ్వడం కుదరదని 1997లో సమత తీర్పు తేల్చింది.

మెలిక ఎక్కడుందంటే, చట్టం "తీసుకోవచ్చు" అంది, "తీసుకోవాలి" అనలేదు. అడిగేవాళ్లు లేకపోతే ఆ దారి కాగితం మీదే ఉంటది.

డ్యాముకి భూమి కొనడానికి డబ్బులుంటాయి. సామలు, రాగులు పండించుకోడానికి కొనమంటే ఉండవా?

రేషన్ బియ్యం వద్దనట్లేదు. అవి నెల గడుపుతాయి. పిల్లల కాలం గడవాలంటే భూమి కావాలి. ఈ దారిలో మీ మండలంలో ఎన్నెకరాలు గిరిజనులకి చేరాయో లెక్క అడగండి. గ్రామసభలో తీర్మానం రాయించండి.