పాల అమ్మకంలో సెల్‌ఫోను సందేశం

(విశాఖపట్నంలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన విషయం సెల్‌ఫోనులో సందేశాలు పంపుకొనే యాప్‌ల పెరుగుదల, వాటి సాయంతో పాలు, పెరుగు, నెయ్యి అమ్ముకొనేందుకు గల అవకాశాలు. ఈ మాట వినగానే కొందరు పెద్దలు "మా పిల్లలు రోజంతా దానిలోనే తలదూర్చి కూర్చుంటున్నారు, పాల సంఘానికి దానితో ఏమి పని?" అనుకోవచ్చు. కొందరు యువకులు "ఒక గ్రూపు పెడితే సరి, సరుకంతా అమ్ముడైపోతుంది" అనుకోవచ్చు. వాస్తవం ఈ రెండింటికీ నడుమ ఉన్నది. దానిని కొన్ని లెక్కలతో, ఉదాహరణలతో మీ ముందుంచుతాను.

ఎంత పెరిగింది?

దూరాన ఉన్నవారికి త్వరగా కబురు పంపాలంటే మన పెద్దలకు తెలిసిన సాధనం టెలిగ్రాం. ఆ సర్వీసును మన దేశంలో 2013 జూలైలో నిలిపివేశారు. దాని చోటును అప్పటికే సెల్‌ఫోను ఆక్రమించింది. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్.ఎం.ఎస్. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్లింది. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. 2009లో అమెరికాలో జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ అనే ఇద్దరు వాట్సాప్‌ను ప్రారంభించారు. 2014లో ఫేస్‌బుక్ కంపెనీ దానిని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగాక మన దేశంలో డేటా ధరలు బాగా తగ్గి, స్మార్ట్‌ఫోను పల్లెకు చేరింది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో వాట్సాప్ వాడేవారు 53 కోట్ల మంది.

మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరిట, మొదటి విడతగా 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించే ఏర్పాటు ప్రారంభించింది. ఆఫీసు చుట్టూ తిరిగే పనిని సందేశంతో జరుపుకొనే అలవాటు ప్రజలకు పడుతున్నదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఇంత పెద్ద సదుపాయం ఉచితంగా ఎలా వస్తున్నదని మీరు అడగవచ్చు. మొదట్లో వాట్సాప్ ఏడాదికి ఒక డాలరు రుసుము పెట్టింది. 2016లో దానిని ఎత్తివేసింది. 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కోసం ప్రత్యేక యాప్ తెచ్చింది. పెద్ద సంస్థలు వేల మందికి సందేశాలు పంపాలంటే కంపెనీకి సొమ్ము చెల్లించాలి. అంటే వ్యాపారికీ, ఖాతాదారుకూ మధ్య జరిగే సంభాషణే ఆ కంపెనీకి రాబడి. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

చేపలు చెప్పిన పాఠం

మన చేపల రేవు మీకు తెలిసినదే. చేపలు, పాలు రెండూ నిలవ ఉండని సరుకులు. కేరళ ఉత్తర తీరంలో 1997 నుండి 2001 వరకు సెల్‌ఫోను టవర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. దానివలన సార్డీను చేపల బేరంలో ఏమి మార్పు వచ్చిందో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త పరిశీలించి 2007లో ప్రచురించాడు. అంతకు ముందు ఒక ఒడ్డున కొనేవాడు లేక చేపలు పారబోస్తూ ఉంటే, కొద్ది మైళ్ల దూరంలోని మరొక ఒడ్డున కొనేవారికి చేపలు దొరికేవి కావు. ఫోను వచ్చాక బెస్తవారు సముద్రం మీదనుండే నాలుగు రేవులు వాకబు చేసి, గిరాకీ ఉన్నచోటికి పడవ తిప్పారు. పారబోత దాదాపు పోయింది. బెస్తవారి లాభం సుమారు 8 శాతం పెరిగింది. కొనేవారికి ధర సుమారు 4 శాతం తగ్గింది.

ఆ లాభం ప్రకటనల వలన రాలేదు. ఎక్కడ ఎంత అవసరమో ముందుగా తెలిసినందువలన వచ్చింది. నేను ఈ రోజు చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. మన చేతిలోని సందేశం యాప్ గోడకు అంటించే పోస్టరు వంటిది అనుకుంటే దానివలన కలిగే మేలు స్వల్పం. రేపటి ఇండెంటును ఈ రాత్రికే చెప్పే సాధనంగా వాడుకుంటే మేలు అధికం. గేదెను ఈ పూట పాలివ్వవద్దని చెప్పలేము గదా!

విశాఖ గిరాకీ తీరు

విశాఖ రేవు 1933లో ఓడలకు తెరుచుకున్నది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైనది. ఆ రెండింటి చుట్టూ నెలజీతం మీద బ్రతికే పట్టణం పెరిగింది. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం, మధురవాడ వంటి చోట్ల పాల గిరాకీ పల్లెలోవలె ఉండదు. షిఫ్టును బట్టి మారుతుంది. సంక్రాంతికి అనేక కుటుంబాలు స్వగ్రామాలకు వెళతాయి. సరిగ్గా అప్పుడే మన కేంద్రాల్లో పాలు ఎక్కువగా వచ్చే కాలం. పెళ్లి ముహూర్తాలకు పెరుగు కావాలి. ఆషాఢ పూర్ణిమకు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు గిరిప్రదక్షిణ చేసే భక్తులకు మజ్జిగ కావాలి. వేసవిలో మజ్జిగకు గిరాకీ పెరుగుతుంది, మన పాలు తగ్గుతాయి.

ఒక చిన్న లెక్క చూద్దాము. ఒక పాల బూతు 300 ఇళ్లకు రోజుకు అర లీటరు చొప్పున ఇస్తున్నదనుకోండి. అది 150 లీటర్లు. సంక్రాంతికి 90 ఇళ్లవారు తాళం వేసి ఊరికి వెళితే రోజుకు 45 లీటర్లు మిగులుతాయి. మూడు రోజులకు 135 లీటర్లు. ఆ సంగతి ప్యాకెట్లు తిరిగి వచ్చాక తెలిస్తే అది నష్టం. ముందునాటి రాత్రి 8 గంటలకు తెలిస్తే ఆ పాలు పెరుగుకో, పనీరుకో, నెయ్యికో మళ్లుతాయి. "నాలుగు రోజులు వద్దు", "శనివారం శుభకార్యం, 20 కిలోల పెరుగు కావాలి" అనే రెండు ముక్కల సందేశానికి అంత విలువ ఉన్నది.

ఆచరణలో ఏమి చేయాలి?

మొదటిది, సంఘానికి ప్రత్యేకంగా ఒక నంబరు, ఒక ఫోను ఉండాలి. కార్యదర్శిగారి సొంత నంబరు మీద ఈ పని నడపరాదు. రేపు ఆయన మారితే ఖాతాదారులందరూ ఆయన జేబుతోనే వెళ్లిపోతారు.

రెండవది, చిన్న వ్యాపారుల యాప్‌లో సరుకుల పట్టిక, ధరలు, బూతు తెరిచే వేళలు ఉంచుకోవచ్చు. ఆఫీసు మూసిన వేళ వచ్చిన సందేశానికి దానంతటదే జవాబు వెళ్లేటట్లు పెట్టుకోవచ్చు. వీటికి ఖర్చు లేదు.

మూడవది, ఖాతాదారులను ఒకే గ్రూపులో వేయవద్దు. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది. ఇంటి ఇల్లాళ్ల నంబర్లు అపరిచితుల చేతిలో పడడం మనకు మర్యాద కాదు. ప్రసార జాబితా అనే పద్ధతిలో 256 మంది వరకు ఒకేసారి సందేశం పంపవచ్చు. ఎవరి నంబరూ మరొకరికి కనబడదు. అయితే మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది అందుతుంది. కనుక ముందుగా ఖాతాదారును అడిగి, ఆయన ఇష్టపడితేనే చేర్చుకోవాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వ్యక్తి సమ్మతికి ప్రధాన స్థానం ఇచ్చింది.

నాలుగవది, సందేశాలు మితంగా ఉండాలి. శుభోదయాలు, దేవుళ్ల బొమ్మలు రోజూ పంపితే, ధర మారిన రోజున పంపిన సందేశాన్ని కూడా ఎవరూ తెరవరు. వచ్చిన ఫిర్యాదుకు మాత్రం ఆ పూటే జవాబివ్వాలి. పాలు విరిగిపోయాయని చెప్పిన గృహిణికి రెండు రోజులు జవాబు రాకపోతే, అసలు నంబరు ఇవ్వకపోవడమే మేలు.

సభ్యుల వైపు

అమ్మకం పట్టణంలో జరిగినా దాని మూలం కేంద్రంలోనే. పోసిన లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., కట్టిన ధర సభ్యునికి ఆ పూటే సందేశంగా అందితే కొలతపై అనుమానం తగ్గుతుంది. టీకాల తేదీ, పశుగ్రాసం విత్తనాలు వచ్చిన కబురు కూడా పంపవచ్చు. చదువురానివారికి గొంతుతో సందేశం పంపే సదుపాయం ఉన్నది. మన యాసలోనే చెప్పి, మన యాసలోనే జవాబు వినవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గేదెకు మేత వేసేది, పాలు పితికేది, క్యాను మోసేది ఆమె. ఫోను మాత్రం భర్త దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుంది. పాల డబ్బు పడిన సందేశం ఆమెకు చేరకుండానే డబ్బు ఖర్చయిపోవచ్చు. కనుక సందేశం పంపామని చీటీ ఇవ్వడం మానరాదు. కేంద్రం దగ్గర బోర్డు మీద వ్రాయడం, పదిమంది ఎదుట చదివి వినిపించడం కొనసాగాలి.

వదంతికి విరుగుడు

ఈ సాధనం మంచి కబురును ఎంత వేగంగా మోస్తుందో చెడ్డ కబురును అంతే వేగంగా మోస్తుంది. కల్తీ పాల వలన 2025 నాటికి 87 శాతం భారతీయులకు కాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినట్లు ఒక సందేశం కొన్ని సంవత్సరాలపాటు ఫోన్లలో తిరిగింది. ఆ సంస్థ అటువంటి హెచ్చరిక ఏదీ చేయలేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 నమూనాలు తీయించి పరీక్షించగా, ప్రమాదకరమైన కల్తీ బయటపడినవి 12 మాత్రమే. అయితే 368 నమూనాలలో దాణా, మేత ద్వారా వచ్చే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషపదార్థం హద్దు మించి ఉన్నది.

ఖాతాదారు అడిగినప్పుడు ఈ రెండు సంగతులూ చెప్పాలి. "మా సభ్యులు దాణాను తేమ తగలకుండా, బూజు పట్టకుండా నిలవ చేస్తున్నారు, ఇదిగో మా పరీక్షా ఫలితం" అని చూపగలగాలి. ఆ మాట నిజం కావాలంటే మన దాణా బస్తా తడినేల మీద ఉండరాదు. వదంతులు ప్రబలినందున 2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఆ కట్టడి వలన వేగం తగ్గింది గాని అబద్ధం ఆగలేదు. అబద్ధాన్ని ఆపేది తెలిసిన మనిషి ఇచ్చే జవాబు.

జాబితా ఎవరిది?

ఇప్పుడు ముందు గుర్తుంచుకోమన్న సంగతికి వస్తాను. సంఘాలు రాకముందు వ్యాపారి గేదెకు అప్పు ఇచ్చి, తాను చెప్పిన ధరకు పాలు పోయించుకొనేవాడు. తాగేవారెవరో రైతుకు తెలియదు, పోసేవారెవరో తాగేవారికి తెలియదు. ఆ నడుమ మనిషి బలమంతా ఆ తెలియకపోవడంలోనే ఉండేది. దానిని తొలగించడానికే ఆనంద్ పద్ధతిలో సంఘాలు కట్టుకున్నాము. 1999లో రైతుబజార్లు వచ్చినదీ ఆ ఉద్దేశంతోనే. ఇప్పుడు మన ఖాతాదారుల జాబితా అంతా పరాయి కంపెనీ యాప్‌లోనే ఉంచి, మన దగ్గర నకలు లేకుండా కూర్చుంటే, కొత్త దళారీని మన చేతులతో మనమే తెచ్చుకున్నవారమవుతాము. ఈ రోజు ఉచితమైనది రేపు సొమ్ముకు రావచ్చు. యాప్‌లు మూతపడడమూ ఉన్నది. 2012లో మన దేశంలోనే మొదలై బాగా ప్రచారం పొందిన హైక్ 2021 జనవరిలో మూతపడింది. ఆ నెలలోనే జోహో కంపెనీ అరట్టై తెచ్చింది. ఏది నిలుస్తుందో మనము చెప్పలేము. జాబితా మన రిజిస్టరులో ఉంటే ఏది నిలిచినా మనకు నష్టం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, టవర్లు మూగపోయాయి, పట్టణంలో పాలు దొరకడం గగనమయింది. అటువంటి రోజున ఏ వీధిలో పసిపిల్లల ఇళ్లున్నాయో చెప్పగలిగేది కాగితం మీది జాబితా, ఆ వీధి ఎరిగిన బూతు మనిషి.

ఇంకొక హెచ్చరిక. సంఘం పేరుతో బోనసు వచ్చిందనీ, ఈ లింకు నొక్కమనీ ఎవరైనా సందేశం పంపితే నొక్కవద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మోసపోయినట్లు అనుమానం కలిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

చివరగా, మీ మీ సంఘాల పాలకవర్గాలలో మూడు తీర్మానాలు చేయవలసిందిగా కోరుతున్నాను. ఒకటి, సందేశాల నంబరు, ఖాతాదారుల జాబితా సంఘం ఆస్తిగా రిజిస్టరులో వ్రాయాలి. నెలకొకసారి కాగితం మీద నకలు తీయాలి. రెండు, రాత్రి 8 గంటల ఇండెంటు చూసే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి. మూడు, సభ్యత్వం ఎవరి పేరున ఉన్నదో, సందేశం వారికే అందేటట్లు నంబర్లు సరిచూడాలి. కనుమ వెళ్లిన తరువాత తిరిగివచ్చిన ప్యాకెట్లు ఎన్నో లెక్క వేసి చూడండి. నిరుటి లెక్కతో పోల్చి, తేడా ఎంతో వచ్చే సమావేశంలో చెప్పండి.