బండలాగుడు నుంచి డైనో దాకా: మీ బండికి నిజంగా పవర్ పెరిగిందా?

ఈ ఎపిసోడ్‌ని ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. కొన్ని నెలల కింద ఒక 250 సీసీ బండికి ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసి వీడియో చేశాను. గుర్తుందా? "సౌండ్ వినండి, పికప్ చూడండి, పవర్ గ్యారంటీగా పెరిగింది" అన్నాను. కొలిచానా? కొలవలేదు. చెవులతో విని చెప్పేశాను.

ఆ వీడియో చూసినవాళ్లలో మా చిన్నాయన కొడుకు ఒకడు. ఊరు సి.బెళగల్. వాడికీ అదే మోడల్ బండి ఉంది, డ్రాగ్ రేసుల పిచ్చి కూడా ఉంది. వేరే ఊర్లో ఒక గ్యారేజీకి పోయి సైలెన్సర్, ఈసీయూ రీమ్యాప్ రెండూ చేయించాడు. 18 వేలు అయింది. అది మా చిన్నాయన ఉల్లిగడ్డలు అమ్మిన డబ్బు. ఉల్లిగడ్డ రేటు సంగతి మన కర్నూలు వాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు.

పండక్కి ఊరికి పోతే చిన్నాయన అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు. "ఏమప్పా, నువ్వు చెప్పినావని వీడు 18 వేలు పెట్టినాడు. ఇప్పుడు ఇంజిన్ ఇప్పదీసి పెద్ద పిస్టన్ ఏపిస్తా అని ఇంకో 40 వేలు అడుగుతాండాడు. ముందు ఏసిన దానికి బలం వచ్చిందో లేదో చెప్పు."

మా తమ్ముడు వెంటనే లోపలికి పోయి రెండు డైనో షీట్లు తెచ్చాడు. "సూడన్నా, ముందు 21.3, తర్వాత 24.6. మూడు హార్స్‌పవర్ పైనే పెరిగింది." చూస్తే నిజమే, నంబర్లు అట్లే ఉన్నాయి. కానీ నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినన్ని రోజులు, ఎవరైనా "నా కోడ్ స్పీడ్ అయింది" అంటే మొదట అడిగేది ఒకటే: ఎట్లా కొలిచావు? ఆ ప్రశ్న నా వీడియోలో నేను అడగలేదు. సరే, ఇప్పుడన్నా అడుగుదాం అనుకున్నా.

అసలు ఇంజిన్ పవర్ ఎట్లా కొలుస్తారు? చిన్నాయనకి చెప్పినట్టే మీకూ చెప్తా. మా వైపు జాతరలకి, ఉగాదికి బండలాగుడు పోటీలు పెడతారు కదా. ఎద్దుల జతకి బరువైన బండ కడతారు, టైం పెడతారు, ఆ టైంలో ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. ఇంజిన్ టెస్టింగ్ కూడా సూత్రంలో అదే. బలం, దూరం, టైం. బలాన్ని దూరంతో గుణించి టైంతో భాగిస్తే పవర్.

లెక్క కోసం ఒకటి అనుకుందాం. బండ 10 క్వింటాళ్లు. నేల రాపిడి వల్ల దాన్ని కదిలించడానికి బరువులో సగం బలం, అంటే 500 కిలోల లాగుడు కావాలి అనుకుందాం. 10 నిమిషాల్లో 450 మీటర్లు పోయింది. అంటే సెకనుకి ముక్కాలు మీటరు. 500 ఇంటూ 0.75, మొత్తం 375. మెట్రిక్ హార్స్‌పవర్ అంటే సెకనుకి 75 కిలోగ్రామ్-మీటర్లు. 375ని 75తో భాగిస్తే 5. జతకి 5 హార్స్‌పవర్ అన్నమాట. ఈ హార్స్‌పవర్ అనే మాట పుట్టింది కూడా ఇట్లాగే. జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజిన్ ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకి చెప్పాలి కాబట్టి, నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు ఒక గుర్రం బలం అని లెక్క కట్టాడు. ఇప్పటి లెక్కలో అది 746 వాట్లు. మెట్రిక్‌ది కొంచెం చిన్నది, 735.5 వాట్లు.

ఇంజిన్‌కి బండ కట్టలేం కదా, అందుకే డైనమోమీటర్, షార్ట్‌గా డైనో. ఇందులో రెండు రకాలు ముఖ్యం.

మొదటిది బ్రేక్ డైనో. ఇంజిన్ తిరుగుతుంటే దానికి బ్రేక్ వేసి పట్టుకుంటారు. 1877లో విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ఓడల ఇంజిన్ల కోసం నీళ్లతో బ్రేక్ వేసే డైనో తయారుచేశాడు. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. బ్రేక్ పెట్టెకి ఒక చెయ్యి లాంటి కడ్డీ ఉంటుంది, దాని చివర కాటా. ఆ కడ్డీ మీటరు పొడవుండి, కాటా మీద రెండుంబావు కిలోలు చూపిస్తే, టార్క్ దగ్గర దగ్గర 22 న్యూటన్-మీటర్లు. దాన్ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 22 టార్క్, 8000 ఆర్‌పీఎం అయితే 18.4 కిలోవాట్లు, అంటే 25 హార్స్‌పవర్. బీహెచ్‌పీ అంటాం చూడండి, అందులో 'బీ' అంటే బ్రేక్. ఈ బ్రేకే అది.

రెండోది ఇనర్షియా డైనో. బైక్ గ్యారేజీల్లో ఎక్కువగా ఉండేది ఇదే. వెనక చక్రాన్ని ఒక పెద్ద ఇనప రోలర్ మీద పెడతారు. రోలర్ ఎంత బరువో, దాన్ని తిప్పడం ఎంత కష్టమో ముందే తెలుసు. అది ఎంత తొందరగా స్పీడ్ అందుకుందో చూసి కంప్యూటర్ పవర్ లెక్క కడుతుంది.

ఇంతవరకు చెప్పేసరికి చిన్నాయన మధ్యలో ఆపాడు. "ఐతే రెండుసార్లూ ఒకే బండేనా?" నాకు అర్థం కాలేదు. "మొదటి జతకి ఒక బండ, రెండో జతకి ఇంకో బండ కడితే పంచాయితీ అయితది గదప్పా. నేల తడిసినా ఒప్పుకోరు. వీళ్లు రెండుసార్లూ ఒకే మాదిరి కొలిచినారా అని."

అప్పుడు షీట్లు మళ్లీ చేతిలోకి తీసుకున్నా. ఈసారి పెద్ద నంబర్లు వదిలేసి చిన్న అక్షరాలు చదివా. మొదటి షీట్లో మూలకి 'వీల్' అని ఉంది. రెండోదాంట్లో 'ఇంజిన్, లాస్ 15 శాతం' అని ఉంది.

అర్థమైందా? రోలర్ కొలిచేది చక్రం దగ్గర పవర్. ఇంజిన్ నుంచి చక్రం దాకా వచ్చేలోపు గేర్‌బాక్స్‌లో, చెయిన్‌లో, టైర్లో కొంత పోతుంది. ఇంజిన్ దగ్గర ఎంతుందో అంచనా వేయాలంటే కొంత శాతం కలుపుతారు. అది కొలత కాదు, అంచనా. మొదటిసారి కలపలేదు, రెండోసారి 15 శాతం కలిపారు. 24.6ని 1.15తో భాగిస్తే 21.4. ముందు ఎంత? 21.3. అంటే 18 వేలకి పెరిగింది 0.1. ఒకే బండిని డైనో మీద వరసగా రెండుసార్లు నడిపినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. గ్యారేజీవాళ్లు కావాలని చేశారా, సెట్టింగ్ మార్చడం మర్చిపోయారా అనేది నేను చెప్పను. చిన్న అక్షరాలు చదవకపోవడం మాత్రం మా తప్పే.

మా తమ్ముడు ఒప్పుకోలేదు. "లేదన్నా, బండి లాగుతాంది, నాకు తెలుస్తాంది" అన్నాడు. సరే, మనమే కొలుద్దాం అన్నా. పబ్లిక్ రోడ్డు మీద ఇట్లాంటివి చేయకూడదు, మీరు కూడా చేయొద్దు. తెలిసినాయన వెంచర్‌లో గేటు మూసి ఉన్న తారు రోడ్డు దొరికింది. స్నేహితుడి దగ్గర అదే మోడల్, ఏ మార్పులూ లేని బండి తెచ్చాం. రెండు బండ్లకీ టైర్లలో గాలి సమానం, పెట్రోల్ సమానం, నడిపేది నేనొక్కణ్నే. మూడో గేర్లో 40 నుంచి 70 దాకా ఫుల్ థ్రాటిల్. గాలి ఒకవైపు నుంచి తోస్తుంది కాబట్టి పోయేటప్పుడు ఐదుసార్లు, వచ్చేటప్పుడు ఐదుసార్లు. స్పీడోమీటర్‌ని సెకనుకి 60 ఫ్రేముల వీడియో తీసి, రాత్రి కూర్చుని ఫ్రేములు లెక్కపెట్టా.

మామూలు బండి సగటు 2.9 సెకన్లు. తమ్ముడి బండి 3.0. ఒక్కో రన్ చూస్తే రెండు బండ్లూ 2.8 నుంచి 3.2 మధ్యనే ఉన్నాయి. అంటే "తమ్ముడి బండి నెమ్మదైంది" అని కూడా నేను చెప్పలేను. తేడా కనపడలేదు, అంతే. ఇదే లెక్కతో పవర్ కూడా తీయొచ్చు. బండి, మనిషి కలిపి 230 కిలోలు అనుకుంటే 40 నుంచి 70కి పోవడానికి కావాల్సిన శక్తి 29 కిలోజౌల్స్ పైన. మూడు సెకన్లతో భాగిస్తే సగటున దాదాపు 10 కిలోవాట్లు, గాలిని చీల్చుకుపోవడానికి అయ్యేది కాక. డైనో రోలర్ చేసేది కూడా ఇదే లెక్క.

ఇంకొక మెలిక ఎండ. వేడి గాలి పలచగా ఉంటుంది, ఇంజిన్‌కి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. 25 డిగ్రీలతో పోలిస్తే మన మే నెల 42 డిగ్రీల్లో గాలి సాంద్రత 5 శాతం పైగా తగ్గుతుంది. అందుకే డైనో సాఫ్ట్‌వేర్లో కరెక్షన్ ఉంటుంది. కానీ అందులోనూ పాత స్టాండర్డ్, కొత్త స్టాండర్డ్ అని ఉన్నాయి. కేవలం ఆ ఎంపిక మారిస్తేనే నంబర్ 4 శాతం దాకా మారుతుంది. 25 హార్స్‌పవర్ బండికి ఒక హార్స్‌పవర్, పైసా ఖర్చు లేకుండా!

ఇదంతా చిన్న గ్యారేజీల గొడవ అనుకోకండి. ఫార్ములా వన్‌లో 2014 నుంచి 1.6 లీటర్ల టర్బో ఇంజిన్లు వచ్చాయి. గంటకి 100 కిలోలకి మించి పెట్రోల్ పోకూడదని రూల్ పెట్టారు. ఆ ఏడాది మొదటి రేస్, మెల్‌బోర్న్‌లో. డానియల్ రికియార్డో రెండో స్థానంలో వచ్చాడు, తర్వాత డిస్‌క్వాలిఫై చేశారు. ఎందుకు? ఫ్యూయల్ ఫ్లో లిమిట్ దాటిందని. రెడ్ బుల్ టీం ఏమందంటే, మీ సెన్సర్ తప్పు, మా లెక్క కరెక్ట్ అంది. అప్పీల్‌కి పోయినా ఓడిపోయారు. మార్కెట్ యార్డులో కాటా దగ్గర జరిగే గొడవ చూశారు కదా, అచ్చం అదే. ఎవరి కాటా నమ్మాలి అన్నది ముందే ఒప్పుకోవాలి, తూకం అయిపోయాక కాదు.

ఆ 100 కిలోల పెట్రోల్‌తో లెక్క వేస్తే ఇంకో విషయం తెలుస్తుంది. అందులో ఉన్న శక్తి దాదాపు 1200 కిలోవాట్లు. మామూలు బండి ఇంజిన్ అందులో మూడో వంతు కూడా చక్రానికి ఇవ్వలేదు. 2017లో మెర్సిడెస్ వాళ్లు డైనో మీద 50 శాతం దాటామని ప్రకటించారు. అంటే 600 కిలోవాట్లు, 800 హార్స్‌పవర్ పైన. సౌండ్ పెంచితే రాలేదు అది. ఒక్కో మార్పు చేయడం, కొలవడం, పెరగకపోతే తీసేయడం. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది కదా, ఆ కరెంటు కార్లకీ అంతే. గరిష్ఠం 350 కిలోవాట్లు, రేసులో మామూలుగా 300 దాటకూడదు. అక్కడ సౌండే లేదు, ఉన్నదంతా కొలతే.

కాబట్టి మీరు డైనోకి పోతే ఇవి అడగండి. చక్రం దగ్గర పవరా, ఇంజిన్ దగ్గర పవరా? రెండు షీట్లలో కరెక్షన్ ఒకటేనా? ముందు, తర్వాత, రెండూ అదే మిషన్ మీద, ఇంజిన్ ఒకే వేడిలో ఉన్నప్పుడు తీశారా? కనీసం మూడు రన్‌లు వేశారా? చివరి నంబర్ ఒక్కటే కాదు, గ్రాఫ్ మొత్తం ఇస్తారా? ఎందుకంటే రేసులో బండి ఒక్క ఆర్‌పీఎం దగ్గరే తిరగదు, గేర్ మార్చిన ప్రతిసారీ కిందికి దిగి మళ్లీ ఎక్కుతుంది. పైన ఒక హార్స్‌పవర్ పెరిగి మధ్యలో రెండు తగ్గితే మీరు ఓడిపోతారు.

మా తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి "సౌండ్ మాత్రం బాగుందన్నా" అన్నాడు. బాగుంది, కానీ పోలీసోళ్లు అట్లాంటి సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద వేసి తొక్కిస్తున్నారు. పాత సైలెన్సరే మళ్లీ బిగించాడు. 40 వేలు ఇంట్లోనే ఉన్నాయి. 18 వేలలో సగం నేనిస్తా అన్నా, చిన్నాయన తీసుకోలేదు. నేనే పట్టుబట్టి బండికి కొత్త చెయిన్ సెట్, రెండు టైర్లు వేయించా.

ఆ పాత వీడియో తీసేయలేదు. టైటిల్ మార్చి, "ఇందులో చెప్పింది కొలవకుండా చెప్పింది" అని మొదట్లోనే పెట్టా. ఇకపైన ఈ ఛానల్‌లో పవర్ పెరిగింది అనే మాట వినపడితే, పక్కన రెండు షీట్లు కూడా కనపడతాయి. కనపడకపోతే అడగండి, మా చిన్నాయన అడిగినట్టు: రెండుసార్లూ ఒకే బండేనా?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ మర్చిపోకండి. ఉంటానండి.