కాగితం మీ చేతిలో ఉండాలి

పట్టాలు అందుకున్న అమ్మాయిలందరికీ అభినందనలు.

నేను విశాఖ పూర్ణా మార్కెట్ పక్క సందులో పుట్టాను. మా అమ్మ ఆకుకూరలు అమ్మేది. నర్సింగ్ చదువుకుని, పెళ్లి కాకముందే మస్కట్ వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేశాను. విదేశాలకు వెళ్లాలనుకునే పిల్లలు ఎక్కువయ్యారు, వాళ్లతో మాట్లాడండి అని ప్రిన్సిపాల్ గారు పిలిచారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. వెళ్లండి. మీ కాగితాలు మీరే చదివి, అర్థమయ్యాకే సంతకం పెట్టి, మీ దగ్గరే ఉంచుకుని వెళ్లండి. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద సభ ఎందుకు అనిపించవచ్చు. దీని వెనక మన జిల్లా ఆడవాళ్ల చరిత్ర చాలా ఉంది.

మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అక్కడి నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు మనదేశం నుంచి కూలీలు వెళ్లడం ఆ ఓడతోనే మొదలైంది. 1903 నుంచి ఫిజీకి కూలీలను తీసుకెళ్లే ఓడలు కూడా మద్రాసు రేవులో ఆగాయి. వాటిలో విశాఖపట్నం జిల్లా వాళ్లు చాలామంది ఎక్కారు. ప్రతి వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలని అప్పటి నియమం. ఆ లెక్క నింపడానికి దళారులు సంతల్లో, సత్రాల్లో తిరిగేవారు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు అన్నీ అందులో ఉండేవి. ఆ పాసులు ఇప్పటికీ ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తమ గురించి అంత వివరంగా రాసిన కాగితాన్ని ఆ ఆడవాళ్లలో చాలామంది చదవలేకపోయారు.

ఒప్పందం ఐదేళ్లు. రోజు పనికి మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఆ మేరకు కాగితంలో ఉంది. పని మానేస్తే జైల్లో పెడతారన్నది మాత్రం అందులో లేదు. సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు 1915లో ఫిజీ వెళ్లి, కూలీలు ఉండే లైన్లలో తిరిగి, తమ నివేదికలో ఈ లోపాన్ని బయటపెట్టారు. ఆ తర్వాత దేశంలో ఆందోళన ఇంకా పెరిగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. మన మార్కెట్‌లో బుట్టలు మోసే అమ్మలాంటి వాళ్లే ఆ ఓడల్లో వెళ్లారు. వాళ్ల ధైర్యం ఎవరికీ తీసిపోదు. చదివి చెప్పే మనిషి పక్కన లేకపోవడమే వాళ్లకు జరిగిన అన్యాయం.

అదే కాలంలో ఇంకో తెలుగు స్త్రీ కూడా సముద్రం దాటింది. పోతం జానకమ్మ రాఘవయ్య మద్రాసు నుంచి ఇంగ్లండ్ వెళ్లి, అక్కడ చూసిందంతా తెలుగులో రాసుకుని, తానే ఇంగ్లీషులోకి మార్చి 1876లో మద్రాసులో పుస్తకంగా అచ్చువేయించింది. పేరు ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’. ఒకరు తమ ప్రయాణాన్ని తామే రాసుకున్నారు, మిగతావాళ్ల ప్రయాణాన్ని గుమాస్తాలు రాశారు. చదువు వల్ల వచ్చిన తేడా ఇది. మీ చేతిలోని పట్టాకు నేనిచ్చే విలువ ఇదే.

ఇప్పుడు నా కాలానికి వస్తాను. మస్కట్‌లో మొదటి నెలలు కష్టంగా గడిచాయి. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అరబ్బీలో అడగడం వార్డు ఆయాల దగ్గర నేర్చుకున్నాను. శుక్రవారం సెలవంటే ఆ రోజే అమ్మ గొంతు వినే రోజు. మొదటి జీతం ఇంటికి పంపి, రసీదు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. రాత్రి డ్యూటీ అయ్యాక ఒంటరిగా సముద్రం ఒడ్డు కొర్నీష్ రోడ్డు వెంట నడిచాను. సొంత సంపాదనతో, ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా పరాయి ఊళ్లో నడవడంలో ఒక ఆనందం ఉంది. అది మీలో ప్రతి ఒక్కరికీ దొరకాలని నా కోరిక.

అదే వార్డుకు గోదావరి జిల్లా నుంచి ఇంటిపనికి వచ్చిన ఒకావిడను చెయ్యి కాలితే తీసుకొచ్చారు. వంటపని ఒక్కటే అని ఏజెంటు చెప్పాడట. వచ్చాక వంట, పిల్లలు, ముసలివాళ్లు, రెండిళ్ల ఊడ్పు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. జీతం ఎంతకు ఒప్పుకున్నారమ్మా అని అడిగితే, కాగితంలో ఏముందో నాకు తెలీదమ్మా అంది. ఆవిడ పక్కన కూర్చుని ఏడవడం తప్ప ఆ రాత్రి నేను చేయగలిగింది లేకపోయింది.

గల్ఫ్ అంతా ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. మంచి ఇళ్లు ఉన్నాయి, చట్టాలూ వచ్చాయి. కువైట్ 2015లో ఇంటిపని వాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఒప్పుకోలు లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. మన ప్రభుత్వ నియమం ప్రకారం గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఈ రక్షణలన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేస్తాడు. వెళ్లాక వీసా మార్పిస్తానన్న మాట వినపడితే అక్కడే ఆగిపోవాలి.

మీలో అమెరికా వెళ్లే పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం మీ ఇళ్లల్లో చెప్పుకునే ఉంటారు. ఆ నకిలీ యూనివర్సిటీని అక్కడి అధికారులే ఎరగా నడిపారు. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో మనవాళ్లు చాలామంది. ఎర వేయడం న్యాయమా అన్న వాదన వేరు. క్లాసులు ఉండవు, వీసా మాత్రం నిలబడుతుంది అని ఎవరైనా అన్నప్పుడు మన మనసులో గంట మోగాలి.

భయపెట్టి ఆపడానికి రాలేదు నేను. ఎలా వెళ్లాలో చూపించిన మనిషి మన ఊరిదే. అప్పట్లో లెఫ్టినెంట్ కమాండర్ అయిన పి. స్వాతి మన విశాఖ అమ్మాయి. 2017 సెప్టెంబరు 10న గోవాలో తారిణి అనే తెరచాప పడవ ఎక్కిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఆమె ఒకరు. హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఇంకొకరు. నాయకురాలు వర్తికా జోషి. పడవ పొడవు 17 మీటర్లు. ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల మీదుగా భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న గోవా చేరారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు. జనవరిలో నావికులందరూ భయపడే కేప్ హార్న్ దాటారు. దారిలో స్టీరింగ్ దెబ్బతింటే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు.

నాకు ఇంకా నచ్చిన లెక్క వేరే ఉంది. అసలు యాత్రకు ముందే వాళ్లు శిక్షణలో దాదాపు 20,000 నాటికల్ మైళ్లు తిరిగారు. మారిషస్‌కు రెండుసార్లు, కేప్‌టౌన్‌కు ఒకసారి వెళ్లారు. అంటే దాదాపు ఇంకో భూప్రదక్షిణ చేసినంత దూరం నేర్చుకోవడానికే వెచ్చించారు. వాతావరణ పటం చదవడం, చిరిగిన తెరచాప కుట్టడం, ఇంజను విప్పి బిగించడం అన్నీ ముందే వచ్చు. సాహసం అని పేపర్లు రాసినదానిలో ఎక్కువ భాగం ఈ ఓపికే.

కాబట్టి ఈ వారంలోనే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. ఆఫీసు మన మర్రిపాలెంలోనే ఉంది, మామూలు ఫీజు 1,500 రూపాయలు. ఎక్కడికి వెళ్లాలో ఇంకా తేలకపోయినా సరే, తీసి పెట్టుకోండి.

ఇంకొక పని అప్పగిస్తున్నాను. పదో తరగతి దాటారు కనుక మీకు మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. మీ వీధిలో చదువుకోని పిన్నికో, అత్తకో గల్ఫ్ వెళ్లాలంటే అది కావాలి. ఆవిడ సంతకం పెట్టేముందు ఒప్పందం మీరు చదవండి. జీతం ఎంత, పని గంటలు ఎన్ని, సెలవు ఉందా, తిరుగు టికెట్ ఎవరిది అన్నది తెలుగులో ఆవిడకు వినిపించండి. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఒక కాపీ ఆవిడ దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి మీ ఫోన్‌లో ఉంచండి. భోజనాలయ్యాక నేను ఇక్కడే ఉంటాను. మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా అలాంటి కాగితం ఉంటే పట్టుకురండి, కలిసి చదువుదాం.