ఆయిల్ తగ్గితే భయం, పెరిగితే ఇంకా భయం

(గోదావరిఖనిలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, ఎరువులు, భూసేకరణ గురించి మాట్లాడుకునే చోట ఇంజన్ ఆయిల్ గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. మన పెట్టుబడి లెక్క ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. దుక్కి, కరిగెట్లు, వడ్లు మార్కెట్‌కు చేర్చడం, అన్నీ ట్రాక్టర్ మీదే నడుస్తున్నాయి. కొత్త బండి అంటే లక్షల మాట. అందుకే మనలో చాలామంది పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన బండినే నెట్టుకొస్తున్నాం. ఆ బండి నాట్ల నాడు కూర్చుందంటే నారు ముదురుతుంది, కాలువ నీళ్లు దాటిపోతాయి, కిరాయి బండి వాడు అడిగినంత ఇవ్వాలి. ఇది వ్యవసాయ సమస్య కాకుండా ఎలా పోతుంది?

మేం ముగ్గురం కలిసి ఒక పాత ట్రాక్టర్ కొనుక్కున్నాం. దాని మీద రెండుసార్లు దెబ్బ తిన్నాం. ఆ రెండు దెబ్బలూ మీకు తగలకూడదనే ఈ నాలుగు మాటలు.

మొదటి దెబ్బ ఇది. ఇంజన్ చుట్టూ ఆయిల్ కారుతోంది. మెకానిక్ చూసి రింగులు పోయాయి, బోరు పని చేయించాలి అన్నాడు. అప్పు తెచ్చి చేయించాం. నెల తిరగకముందే మళ్లీ అక్కడే కారింది. చివరకు తేలిందేమిటంటే బ్రీదర్ పైపు దుమ్ముతో, ముద్ద కట్టిన ఆయిల్‌తో మూసుకుపోయింది. దాన్ని డీజిల్‌తో కడిగితే సగం లీకులు ఆగిపోయాయి.

రెండో దెబ్బ ఇంకా పెద్దది. కరిగెట్ల రోజుల్లో రేడియేటర్లో నీళ్లు రోజూ తగ్గుతున్నాయి. కాలువ నీళ్లు పోసుకుంటూ నడిపాం. అదే సమయంలో ఆయిల్ గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గడం లేదు, పైగా గీత దాటింది. ఇంజన్ ఆయిల్ తాగడం మానేసిందని సంతోషపడ్డాం. నాలుగో రోజు కింద నుంచి టకటక మోత మొదలైంది. ఛాంబర్ విప్పితే ఆయిల్ కాదు, మజ్జిగ. బేరింగులు పోయాయి, క్రాంకు గీతలు పడింది. రేడియేటర్లో తగ్గిన నీళ్లు ఎటు పోయాయని ఆ నాలుగు రోజుల్లో మాలో ఒక్కరమూ అడగలేదు.

బయటికి కారే ఆయిల్

ముందు ఒక సంగతి. మన దగ్గర ఓపెన్ కాస్టు గనుల చుట్టుపక్కల, బొగ్గు లారీలు తిరిగే దారుల పక్కన, దుమ్ము లేని రోజు ఉండదు. చిన్న చెమ్మ ఉన్నా దుమ్ము అతుక్కుని ఇంజన్ అంతా నల్లటి పేడ పూసినట్టు అవుతుంది. దాన్ని చూసి ఎవరైనా ఇంజన్ మొత్తం పోయిందనే అంటారు. కాబట్టి మొదటి పని కడగడం. చల్లారిన ఇంజన్‌ను డీజిల్ గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వండి. డైనమో, సెల్ఫ్ మోటారు, గాలి పోయే దారి మీద ప్లాస్టిక్ కవరు కట్టండి. ఆరాక అనుమానం ఉన్న చోట ముఖానికి పూసుకునే పౌడర్ గానీ సుద్ద పొడి గానీ చల్లి, అరగంట నడిపి ఆపండి. తెల్లటి పొడి మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనబడుతుంది.

ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలి దాన్ని వెనక్కి కొడుతుంది. అందుకని చుక్క రాలే చోటు వేరు, లీకు పుట్టే చోటు వేరు. అన్నింటికన్నా పైన, అన్నింటికన్నా ముందు ఎక్కడ తడిగా ఉందో అక్కడ వెతకండి. చాలాసార్లు అది టాపెట్ కవర్ ప్యాకింగే అవుతుంది. ఆయిల్ కారి ఛాంబర్ దాకా వస్తే ఛాంబర్ ప్యాకింగ్ పోయిందనుకుని విప్పుతారు. ఫిల్టర్ కింద రబ్బరు రింగు, ఆయిల్ ప్రెషర్ గేజికి పోయే సన్నటి పైపు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఇవి చవకగా పోయే లీకులు. ముందు వీటినే చూడాలి.

క్లచ్ హౌసింగ్ కింది రంధ్రం నుంచి చుక్కలు పడితే వేలితో తీసి చూడండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజన్ ఆయిల్, అంటే క్రాంకు వెనక సీలు. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేరు ఆయిల్. ఏదైనా క్లచ్ ప్లేటు మీద పడితే బండి జారుతుంది. అది బండిని రెండు ముక్కలు చేయాల్సిన పని గనుక నాట్లు అయ్యాకో, అంతకుముందో తీరికగా చేయించుకోవాలి. చుక్క చుక్కగా పడేదానికి రోజూ ఆయిల్ చూసుకుంటే సీజన్ గడుస్తుంది. ధార కడితే మాత్రం ఆపాల్సిందే.

ఇక బ్రీదర్. పిస్టన్ పక్క నుంచి కొంత మంట గాలి ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోయే దారి బ్రీదర్. ఆ దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి ప్రతి సీలు నుంచీ, ప్రతి ప్యాకింగ్ నుంచీ ఆయిల్‌ను బయటికి తోస్తుంది. కొత్త సీలు వేసినా నిలవదు. బ్రీదర్ శుభ్రంగా ఉండి కూడా అందులోంచి పొగ గుప్పుగుప్పుమని వస్తుంటే, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే, అప్పుడు రింగుల మాట నమ్మవచ్చు. ఆ వరస మాకు తెలిసి ఉంటే మొదటి అప్పు అయ్యేది కాదు.

లోపల కలిసే నీళ్లు

బయటికి కారే ఆయిల్ కంటికి కనబడుతుంది. లోపల కలిసే నీళ్లు కనబడవు, ఇంజన్‌ను తినేసేది అవే. బేరింగుకూ క్రాంకుకూ మధ్య సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. నీళ్లు కలిస్తే ఆ పొర నిలవదు, ఇనుముకు ఇనుము రాసుకుంటుంది.

నీళ్లు కలిసే దారులు నాలుగైదే. హెడ్ గాస్కెట్ కాలిపోవడం, హెడ్ పగలడం, లైనర్ కింది రబ్బరు రింగులు పోవడం, లైనర్‌కే సూది మొనంత రంధ్రాలు పడటం, ఆయిల్ కూలర్ ఉన్న ఇంజన్లో కూలర్ లోపల పగలడం. గాలితో చల్లబడే పాత ఐషర్ ఇంజన్లకు ఈ గొడవే లేదు.

ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ రేడియేటర్ ప్రెషర్ కంటే చాలా ఎక్కువ. అందుకని ఆయిల్ దారీ నీళ్ల దారీ కలిసిన చోట, బండి నడుస్తుంటే ఆయిల్ నీళ్లలోకి పోతుంది. రేడియేటర్లో నురగ, జిడ్డు తేలుతుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మిగులుతుంది. అప్పుడు నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. అందుకే పరీక్ష పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే చేయాలి.

గేజి పుల్ల తీయండి. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగిందంటే ఏదో కలుస్తోంది. తెల్లగా, చిక్కగా ఉంటే నీళ్లు. నల్లగానే ఉండి పలచబడి డీజిల్ వాసన వస్తే డీజిల్ పంపు నుంచి కలుస్తోంది, దారి వేరు. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్ల మీగడ ఉండి, పుల్ల శుభ్రంగా ఉంటే భయపడకండి. చలికాలంలో కొద్దిసేపే తిప్పే బండిలో ఆవిరి చెమ్మ అలా పేరుకుంటుంది.

అనుమానం తీరకపోతే రాత్రంతా నిలబెట్టిన బండి డ్రెయిన్ బోల్టును పొద్దున్నే నెమ్మదిగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, అడుగున చేరతాయి. మొదట నీళ్లు రాలితే చెప్పక్కర్లేదు. ఇంకో పరీక్ష, పాత రేకును బాగా కాల్చి దూరం నుంచి ఒక చుక్క ఆయిల్ వేయండి. నీళ్లుంటే తిరగమోత గింజల్లా చిటపటలాడుతుంది. లేకుంటే ఊరికే పొగ వస్తుంది. కళ్లు జాగ్రత్త.

హెడ్ గాస్కెట్ సంగతి రేడియేటర్ చెబుతుంది. చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట కాస్త గాలి బుడగలు వచ్చి ఆగితే మామూలే. ఆగకుండా బుడగలు వస్తుంటే, రేస్ ఇస్తే నీళ్లు పైకి ఎగిరితే, మంట గాలి నీళ్లలోకి పోతోందని అర్థం. వేడి ఇంజన్ మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. ఆ ఆవిరి చర్మాన్ని ఒలుస్తుంది.

బుడగలు లేకుండానే ఆయిల్ మజ్జిగైతే లైనర్ రింగుల మీద అనుమానం పెట్టాలి. ఛాంబర్ దించి, రేడియేటర్‌కు చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, కింద అట్ట పరిచి గంట ఆగితే ఏ లైనర్ దగ్గర చుక్క పడుతుందో తెలుస్తుంది. అప్పుడు మెకానిక్ మొత్తం ఇంజన్ అనడు, ఫలానా సిలిండర్ అంటాడు.

ఆయిల్ మజ్జిగైన రోజు

మొదటి మాట, స్టార్ట్ చేయవద్దు. ఈ మడి ఒక్కటి అయ్యాక అనుకోవద్దు. మేం అలాగే అనుకున్నాం. నీళ్లు సిలిండర్లోకి దిగి ఉంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బండిని లాగించుకుని పోయినా నష్టం తక్కువే.

రెండో మాట, హెడ్ విప్పితే గాస్కెట్ మార్చి ఊరుకోవద్దు. హెడ్ వంగిందేమో, పగిలిందేమో లేత్ దగ్గర చూపించాలి. లైనర్ బ్లాకు మీద ఎంత ఎత్తు నిలబడాలో అంత ఉందేమో చూడాలి. హెడ్ బోల్టులు మధ్య నుంచి అంచులకు, వరసగా, టార్క్ పానాతో బిగించాలి. అంచనా మీద బిగిస్తే అదే గాస్కెట్ మళ్లీ కాలుతుంది. బాగయ్యాక కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి కొన్ని గంటలు నడిపి మళ్లీ మార్చాలి. మూలల్లో మిగిలిన నీళ్లు అప్పుడే పోతాయి.

మూడో మాట, కాలువ నీళ్లు, బోరు నీళ్లు పోయడం మానాలి. ఉప్పు పేరుకుని రేడియేటర్ గొట్టాలు పూడుతాయి, ఇంజన్ కాగుతుంది, హెడ్ వంగుతుంది. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్లలో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. ఇంకో జాగ్రత్త. కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. తీసినదాన్ని కల్లంలో, గాబుల దగ్గర పారబోస్తే పశువులు, కుక్కలు నాకి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి మూత పెట్టండి.

మనం కలిసి చేయాల్సింది

ఆయిల్ చూసి రోగం చెప్పడం కొత్త విద్య కాదు. 1946లోనే అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైల్వే తన డీజిల్ ఇంజన్ల ఆయిల్‌ను ల్యాబులో పరీక్షించి, లోపల ఏ భాగం అరుగుతోందో ముందే కనిపెట్టడం మొదలుపెట్టింది. పెద్ద గనుల్లో డంపర్ల ఆయిల్ నమూనాలు తీసి చూడటం ఇవాళ మామూలు పద్ధతి. యంత్రం ఆగితే ఎంత నష్టమో వాళ్లకు లెక్క ఉంది. మన బండి ఆగితే మనకు జరిగే నష్టానికి లెక్క రాసేవాళ్లు లేరు. అది మనమే రాసుకోవాలి. ఒక నోటు పుస్తకం పెట్టి తేదీ, మీటరు గంటలు, పోసిన ఆయిల్, పోసిన నీళ్లు రాయండి. మా పుస్తకం ఉండి ఉంటే ఒకే పేజీలో నీళ్లు తగ్గడం, ఆయిల్ పెరగడం పక్కపక్కన కనబడేవి.

సంఘం తరఫున మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, ఊరికో టార్క్ పానా, రేడియేటర్‌కు ఒత్తిడి పెట్టే చేతి పంపు చందాతో కొని సంఘం ఆఫీసులో ఉంచుదాం. రెండు, శిక్షణ. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అలాంటి శిక్షణ ఇక్కడా కావాలని అడుగుదాం. జీవితమంతా ఇంజన్లతో గడిపి సింగరేణి వర్క్‌షాపుల్లో రిటైరైన అన్నలు మన ఊళ్లలోనే ఉన్నారు. పాఠం చెప్పడానికి వాళ్లకంటే ఎవరు కావాలి? 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకంలో యంత్రాల సబ్సిడీతో పాటు శిక్షణ అన్న మాట కూడా ఉంది. ఆ మాటను మన జిల్లాలో అమలు చేయమందాం.

మూడు, దుమ్ము. దుమ్ము ఊపిరితిత్తులనే కాదు, ఇంజన్‌నూ తింటుంది. గాలి ఫిల్టర్ దాటితే రింగులు అరుగుతాయి, రేడియేటర్‌కు పడితే ఇంజన్ కాగుతుంది. బొగ్గు రవాణా దారుల్లో రోజూ నీళ్లు చల్లాలి, లారీల మీద టార్పాలిన్ కప్పాలి అని మనం అడిగేటప్పుడు ఈ నష్టాన్నీ లెక్కలో కలిపి అడుగుదాం.

మెకానిక్‌లను తిట్టడానికి ఈ మాటలు చెప్పలేదు. వాళ్లూ మనలాగే రెక్కల మీద బతికేవాళ్లు. కానీ ఏమీ తెలియకుండా బండి అప్పగిస్తే ఎంత నిజాయితీ గల మెకానిక్ అయినా మొత్తం విప్పే చూస్తాడు. ఎక్కడ తడి ఉంది, ఎప్పటి నుంచి ఉంది, ఆయిల్ ఎంత పెరిగింది అని మనం చెప్పగలిగితే అతని పని తగ్గుతుంది, మన బిల్లు తగ్గుతుంది.

రేపు పొద్దున్నే బండి దగ్గరికి పోండి. స్టార్ట్ చేయకముందు పుల్ల తీసి చూడండి, తర్వాత రేడియేటర్ మూత తీసి చూడండి. రెండు నిమిషాల పని. సెలవు.