చలి సీమల పెరటిలో సీతాఫలం
(కొండవీడులో రైతుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



సీతాఫలం గురించి కొండవీటిలో మాట్లాడుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదే. కాయ కన్ను విచ్చి, కన్నుల నడుమ గాళ్లు తెల్లబడినపుడు కోయవలెనని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఇప్పుడు మీ ఇండ్లలో కొత్త ప్రశ్న ఒకటి పుట్టినది. పిల్లలు కొందరు ఉద్యోగరీత్యా అరకు, చింతపల్లి వైపు ఉన్నారు. మరికొందరు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశాలలో ఇండ్లు కట్టుకొన్నారు. "మన చెట్టు అక్కడి పెరట్లో బతుకునా? బతికితే కాయునా?" అని వారు అడుగుచున్నారు.

ఇది సరదా ప్రశ్న కాదు. పట్టణపు పెరటిలో చెట్టుకు దొరికే చోటు ఒకటి రెండు గజాలు. నాలుగైదేండ్లు సాకిన చెట్టు ఒక్క రాత్రి చలికి మాడిపోతే ఆ యేండ్లు తిరిగి రావు. బతికి కూడా కాయకుంటే అది మరింత నష్టం, ఎందుకనగా దానిని కొట్టివేయుటకు మనసు రాదు. కావున నాటకముందే విషయం తెలిసికొనవలెను.

ముందుగా చెట్టు స్వభావం చూతము. పేరు సీతమ్మదైనా, సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. మన కొండకు అది అతిథిగా వచ్చి, ఇంటి మనిషియై నిలిచినది. ఈ రాళ్లనేలలో నీరు నిలువదు. చలికాలంలో చెట్టు ఆకు రాల్చి నిద్రపోవును. ఎండలు ముదిరే వేళ చిగిర్చి, ఆ కొత్త రెమ్మల మీదనే పూయును. వడగాడ్పులకు తొలిపూత చాలావరకు రాలిపోయి, తొలకరి తేమ తగిలిన తరువాత పిందె నిలుచును. పూత మొదలు కాయ పక్వమగుటకు సుమారు నాలుగు నెలలు పట్టును. చిగురుకు పట్టే కాలం కూడ కలిపితే ఈ చెట్టుకు ఐదారు నెలల వెచ్చదనం కావలెను.

కాబట్టి చలి చోట నాటదలచిన వారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏడాదిలో అతి చల్లని రాత్రి ఎంతకు దిగును? వెచ్చని నెలలు వరుసగా ఎన్ని? వేళ్ల వద్ద నీరు నిలుచునా?

మొదటి ప్రశ్నకు కొన్ని లెక్కలు చెప్పెదను. ఇవన్నీ సెంటీగ్రేడు డిగ్రీలు. 14 డిగ్రీల దరికి దిగినపుడే అరటి పెరుగుదల ఆగిపోవును. గడ్డకట్టే మంచు పడితే ఆకు మాడును, కాని దుంప బతికి ఉంటే పిలకలు వేయును. బొప్పాయి సున్నకు ఒక డిగ్రీ దిగువకే దెబ్బతినును; చల్లని తడినేలలో దాని వేరు కుళ్లును. లేత మామిడి కూడ ఇంచుమించు అంతే. ముదురు మామిడి కొద్ది గంటలపాటు సున్నకు 4 డిగ్రీల దిగువ వరకు ఓర్చును గాని, పూత, పిందె సున్న రాకముందే పాడగును. సీతాఫలంలో లేత మొక్క సున్నకు ఒకటి రెండు డిగ్రీల దిగువనే చచ్చును. ముదురు చెట్టు మరొక డిగ్రీ ఓర్చును. దానిమ్మ మాత్రం ఇంతకంటె ఎంతో గట్టిది.

ఇక రెండవ ప్రశ్న. చలి ప్రాణం తీయకున్నా వేసవి పొట్టిదైతే కాయ పండదు. చెట్టు ఆలస్యంగా చిగిర్చి, ఆలస్యంగా పూసి, కాయ ఊరకముందే చలి వచ్చిపడును. ఆ కాయ నల్లబడి, గట్టిపడి కొమ్మనే వేలాడుచుండును.

మన రాష్ట్రంలోని చలి చోట్లు మొదట చూతము. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6 డిగ్రీల చొప్పున వేడి తగ్గును. సుమారు 1000 మీటర్ల ఎత్తుననున్న లంబసింగిలో చలికాలపు రాత్రులు సున్న దరిదాపులకు దిగిన సందర్భాలు ఉన్నవి. అట్టి చోట్ల ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. చల్లని గాలి బరువైనది; నీటివలె పల్లానికి పారి గుంటలో నిలుచును. కావున లోయ అడుగున గాక వాలు నడుమ నాటవలెను. దక్షిణపు ఎండ తగిలే రాతిగోడ ప్రక్కన చోటుంటే మరీ మేలు. ఆ గోడ పగలు వేడి తాగి, రాత్రి దానిని విడుచును. ఆస్ట్రేలియాలో ఉన్నవారు మాత్రం ఉత్తరపు ఎండ చూచుకొనవలెను.

నేల బరువైనదైతే మూరెడు ఎత్తు మట్టిదిబ్బ వేసి దానిపై నాటవలెను. మూడవ ప్రశ్నకు ఇదే జవాబు. చలి ముందర గాక, చలి వెళ్లిన వెంటనే నాటితే మొక్కకు ఒక వేసవి అంతా వేరు పట్టుటకు దొరకును. చలి రాకకు రెండు నెలల ముందే నత్రజని ఎరువు మానవలెను. లేనిచో లేత చిగురు వచ్చి చలికి మాడును. ఆకు రాలిన తరువాత నీరు బాగా తగ్గించవలెను.

గడ్డకట్టే మంచు పడునని తెలిసినపుడు ఆ పగలే పాదు తడపండి. తడినేల పొడినేలకంటె ఎక్కువ వేడి దాచును. లేత మొక్కకు అంటు అతుకు మునుగునట్లు మట్టి ఎగదోసి, నాలుగు కర్రలు పాతి, నేలకు తగులునట్లు దుప్పటి కప్పవలెను. కాపాడునది నేల నుండి లేచే వేడియే గాని దుప్పటి కాదు. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగులరాదు. పొద్దెక్కగానే కప్పు తీయవలెను. చలికాలం వెళ్లగానే ఎగదోసిన మట్టిని తీసివేయవలెను. మాడిన కొమ్మను వెంటనే కోయకండి; చిగురు వచ్చిన పిమ్మట ఏది పచ్చి, ఏది ఎండు తెలియును.

ఏటా మంచు పేరుకొనే దేశాలలో నేలలో నాటుట వృథా. అక్కడ రెండడుగుల నోరు గల తొట్టియే గతి. రాత్రులు 10 డిగ్రీలకు దిగక ముందే తొట్టిని లోపలికి చేర్చవలెను. ఆకు రాల్చే గుణం ఇక్కడ మనకు కలిసి వచ్చును. నిద్రలో ఉన్న చెట్టుకు వెలుతురు, నీరు కొద్దిగా చాలును. సీతాఫలపు మొగ్గ ఆకు తొడిమ అడుగున దాగి ఉండును. ఆకు రాలనిదే అది విచ్చదు. కావున పాత ఆకు వదలకుంటే వేడి తిరిగే వేళ చేతితో దూసి, రెమ్మల కొనలు కత్తిరించవలెను. బయటికి తెచ్చిన వారం రోజులు నీడనుంచి, తరువాత ఎండకు అలవాటు చేయవలెను.

పూత నిండుగా వచ్చినా పిందె పడకపోవచ్చును. ఈ పువ్వు మొదట ఆడదిగా ఉండి, తరువాత మగదిగా మారును. మన కొండ మీద చిన్న పెంకు పురుగులు పుప్పొడి చేర్చును. చలి దేశపు పెరటిలో అవి ఉండకపోవచ్చును. పూర్తిగా విచ్చిన పూల నుండి పుప్పొడిని కాగితంపై దులిపి, తెల్లవారి సగం విచ్చిన పూల నడుమ మెత్తని కుంచెతో అద్దవలెను. ఈ పని మీ పెరటి చెట్లకు చేసినా కాయ నిండుగా, వంకర లేకుండ ఊరును.

రకం మాట. చలికి కొంత ఎక్కువ ఓర్చేది అటిమోయా. ఆండీస్ కొండల చెరిమోయాను మన సీతాఫలంతో కలిపి 1908లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ సంకరం చేసిరి. బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వారి అర్క సహన్‌లో కూడ ఆ రక్తం ఉన్నది. పిల్లలకు ఇక్కడి మొక్కలు, గింజలు మూటకట్టి పంపకండి. అనుమతి లేనిదే వాటిని దేశం దాటించరాదు. తెగులు ఒక మొక్కతో వెళ్లి ఒక సీమనే చుట్టబెట్టగలదు. అక్కడి నర్సరీలోనే అంటు మొక్క కొనుమనండి.

నెలల తరబడి మంచు ఉండే చోట మరొక దారి ఉన్నది. చైనా రేగు మన రేగుకు దాయాది; గట్టి చలికి ఓర్చును. తక్కువ చలి చోట్ల అంజూర ఉన్నది. అయిన పండు తినుట, కాని చెట్టును మోయుటకంటె మేలు గదా!

చివరగా ఒక హెచ్చరిక మీకే. ఈ మూడు ప్రశ్నలను తిప్పి కూడ వేయవచ్చును. పల్నాటిలో ఆపిల్ కాయునని మొక్కలు అమ్మజూచేవాడు వస్తే, "దీనికి 7 డిగ్రీల లోపు చలి ఎన్ని గంటలు కావలెను?" అని అడగండి. మామూలు ఆపిల్ రకాలకు సుమారు 1000 గంటలు కావలెను. తక్కువ చలి చాలు రకాలకు సయితం కొన్ని వందల గంటలు కోరుట కద్దు. మన ఊరి చలి ఎన్ని గంటలో మీకు తెలియును. జవాబు చెప్పలేని వాని వద్ద ఎకరాలకు ఎకరాలు మొక్కలు కొనవద్దు. ఒకటి రెండు పెరట్లో నాటి చూడండి. అవి కాచిన పిమ్మట చేను సంగతి ఆలోచించవచ్చును.