వార్త రాసే చేతికి చేయూత



మన ఊరి పిల్లల చదువుకు సాయమంటే మనకు ముందు గుర్తొచ్చేవి ఇంజనీరింగు, మెడిసిన్. నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. మరి ఆ ఊరి కష్టం పేపర్లో రాసేదెవరు?

2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి మన దేశపు న్యూస్‌రూముల్లో 121 నాయకత్వ పదవులను పరిశీలిస్తే, 106 అగ్రవర్ణాల చేతుల్లోనే ఉన్నాయి. దళితులు, ఆదివాసీలు ఒక్కరూ లేరు. తెలివి లేకనా? కాదు. కాలేజీ ఫీజు, పట్నంలో హాస్టలు, చేతికి జీతం రాని ఇంటర్న్‌షిప్పు... కూలి ఇంట పుట్టిన పిల్ల ఇవన్నీ ఎలా దాటుతుంది?

చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం దళిత, ఆదివాసీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చి దారి చూపింది. మనమూ ఒక్కరికి ఫీజుతోపాటు ఏడాది బస, భోజనం ఖర్చు పెట్టుకుందాం. రేపు ఆ అమ్మాయి మన తప్పే రాసినా సంతోషిద్దాం.